ఇంటికి పంపాకే అసలు నర్సింగ్

పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవాల్లో భాగంగా జరిగిన ఆరోగ్య సదస్సులో, 1978 పదో తరగతి బ్యాచ్‌కు చెందిన ఒక విశ్రాంత హెడ్ నర్సు చేసిన ప్రసంగ పాఠం



ఆరోగ్యం గురించి ఏదైనా మాట్లాడమని సంఘం కార్యదర్శిగారు ఫోన్ చేసినప్పుడు, ‘మన సంఘంలో డాక్టర్లు బోలెడంత మంది ఉన్నారు, వాళ్లని అడగండి’ అన్నాను. ‘డాక్టర్లు జబ్బు గురించి చెబుతారమ్మా, మీరు ఇంట్లో ఏం చెయ్యాలో చెప్పండి’ అన్నారాయన. ఆ మాట నచ్చి ఒప్పుకున్నాను. నలభై ఏళ్లు నేను చేసిన పనిలో పెద్ద భాగం అదే మరి.

ఇందాక టిఫిన్ల దగ్గర మా బ్యాచ్ వాళ్లం కలుసుకున్నాం. ఒకప్పుడు మార్కులు పోల్చుకునేవాళ్లం. ఇప్పుడు షుగర్లు, బీపీలు పోల్చుకుంటున్నాం. స్టెంట్లు వేయించుకున్నవాళ్లే నలుగురు తేలారు. అందుకని గుండె నీరసించిన మనిషిని, అంటే హార్ట్ ఫెయిల్యూర్ ఉన్న మనిషిని, ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక ఎలా చూసుకోవాలో మాట్లాడతాను.

ముందు ఆ పేరు సంగతి చెప్పాలి. ‘హార్ట్ ఫెయిల్యూర్’ అనగానే గుండె ఆగిపోయిందనుకుని ఇంటిల్లిపాదీ ఏడుస్తారు. ఆగిపోవడం వేరు, ఇది వేరు. ఇందులో గుండె కొట్టుకుంటూనే ఉంటుంది, కానీ ఒంటికి కావలసినంత రక్తాన్ని నెట్టలేదు. కొందరిలో గుండె కండ బలహీనపడి నెట్టలేకపోతుంది. కొందరిలో కండ బిరుసెక్కి సరిగా నిండలేకపోతుంది. మనది కాలువల కింద ఊరు కాబట్టి ఒక్క మాటలో చెబుతాను. దిగువన మురుగు కాలువ లాగకపోతే ఎగువ చేలు మునుగుతాయి. గుండె లాగకపోతే వెనకాల నీరు నిలుస్తుంది. ఊపిరితిత్తుల్లో నిలిస్తే ఆయాసం, కాళ్లలో నిలిస్తే వాపు, పొట్టలో నిలిస్తే ఉబ్బరం, అన్నం సయించకపోవడం.

స్కానింగ్ కాగితంలో ఈఎఫ్ అని ఒక అంకె ఉంటుంది. గుండెలో నిండిన రక్తంలో ఒక్కో దెబ్బకు ఎంత శాతం బయటికి వెళుతుందో చెప్పే అంకె అది. ఒకసారి ఒక పేషెంటు కొడుకు ఆ కాగితం పట్టుకొచ్చి, ‘35 వచ్చింది సిస్టర్, పాసా ఫెయిలా?’ అన్నాడు. మన బడిలో 35 పాసు మార్కు కదా! గుండెకు మాత్రం నూటికి నూరు ఎవరికీ రావు. ఆరోగ్యంగా ఉన్న గుండెకే 55 నుంచి 70 దాకా ఉంటుంది. 40, అంతకంటే తక్కువైతే గుండె కండ బలహీనపడినట్టు. అలా అని ఆ అంకెతోనే మనిషిని తూచకూడదు. 30తో హాయిగా తిరిగేవాళ్లను చూశాను. 55 ఉండి, కండ బిరుసెక్కి, మెట్లెక్కలేనివాళ్లనూ చూశాను.

గుండెపోటు వచ్చి తగ్గినవాళ్లు, ఏళ్ల తరబడి బీపీ, షుగర్ ఉన్నవాళ్లు, చిన్నప్పుడు కీళ్ల జ్వరంతో కవాటాలు దెబ్బతిన్నవాళ్లు, మద్యం ఎక్కువగా తాగినవాళ్లు ఈ జబ్బులో పడుతుంటారు. కాన్పు అయిన కొత్తలో కొందరు ఆడపిల్లలకూ వస్తుంది. బాలింతకు ఆయాసం వస్తే ‘నీరసంలే’ అని వదిలేయకండి. కేరళలో తిరువనంతపురం జిల్లా ఆసుపత్రుల్లో 2013లో ఈ జబ్బుతో చేరిన 1,205 మంది వివరాలు రాసిపెట్టారు. వాళ్ల సగటు వయసు 61. ఈ హాల్లో ముందు మూడు వరసల్లో కూర్చున్న మన వయసే అది.

వార్డులో మేం చేసేది మీరు చూసే ఉంటారు. ఆయాసంతో వచ్చిన మనిషిని వెల్లకిలా పడుకోబెట్టం. మంచం తల వైపు ఎత్తి కూర్చోబెడతాం. ముందు బల్ల వేసి, దాని మీద తలగడ పెట్టి, చేతులు వాల్చుకోమంటాం. అవసరమైతే ఆక్సిజన్ పెడతాం. నీరు లాగే ఇంజెక్షన్ డాక్టరుగారు రాస్తారు. అది ఇచ్చాక అసలు పని మొదలవుతుంది. లోపలికి ఎంత వెళ్లింది, మూత్రం ఎంత వచ్చింది, గంట గంటకూ కొలిచి రాయాలి. రోజూ ఉదయం బరువు చూడాలి. మంచం దిగని మనిషికి నీరు కాళ్లలో కాక నడుము కింద చేరుతుంది, అక్కడ చర్మం సాగి పుండు పడుతుంది. రెండు గంటలకోసారి ఒత్తిగిలపెట్టాలి. రాత్రి రెండింటికి దిగ్గున లేచి కూర్చుని గాలి కోసం కిటికీ వైపు చూసే మనిషి దగ్గర ఒక మనిషి నిలబడాలి. ఆ భయానికి మందు అంతకంటే ఏమీ లేదు.

ఇవన్నీ మాకు బాగా నేర్పారు. మేం బాగానే చేసేవాళ్లం. మనిషి తేరుకుని ఇంటికెళ్లేవాడు. కొద్దివారాలకే మళ్లీ అదే మంచం మీదికి అదే ఆయాసంతో వచ్చేవాడు. ‘చెప్పిన మాట వినరు’ అని విసుక్కునేదాన్ని. ఎన్నోసార్లు విసుక్కున్నాను. ఆ విసుగు మా నాన్న దగ్గర వదిలింది.

మా నాన్న మీలో చాలామందికి తెలుసు. వర్షాకాలం కాలువ పొంగినప్పుడు నన్నూ మా చెల్లినీ చెరో భుజం మీద ఎక్కించుకుని బడికి తెచ్చి దింపిన మనిషి. 2003లో ఆయనకు గుండెపోటు వచ్చింది. గ్యాస్ అనుకుని రెండు రోజులు సోడాలు తాగాడు. తర్వాత కాళ్లు వాచాయి, పడుకుంటే ఆయాసం. నేను పనిచేసే చోట మంచం దొరక్క ఇంకో ఆసుపత్రిలో చేర్పించాం. తొమ్మిది రోజులకు ఇంటికి పంపారు. చేతికిచ్చిన కాగితం ఇంగ్లీషులో ఉంది. తిండి గురించి అందులో ఉన్నది ‘లో సాల్ట్ డైట్’ అని మూడే మాటలు. దాన్ని తప్పు పట్టడానికి నాకు అర్హత లేదు. నా కూతురు నర్సు, అదే చెబుతుందని మా అమ్మ నా మొహం వైపు చూసింది. నాకు ఆ రాత్రి డ్యూటీ ఉంది. ఆటో ఎక్కుతూ, ‘అమ్మా, ఉప్పు తగ్గించు, మాత్రలు మానొద్దు, అర్థమైందా?’ అన్నాను. ‘అర్థమైందమ్మా, నువ్వెళ్లు’ అంది.

పదకొండు రోజులకు రాత్రి రెండింటికి ఫోన్. కారు ముందు సీట్లో కూర్చోబెట్టి తెచ్చారు. పెదాలు నల్లబడ్డాయి, మాట రావడం లేదు. తెల్లారాక కాస్త తెరిపిన పడ్డాడు. అప్పుడు వరండాలో మా అమ్మ మీద అరిచాను, ‘ఉప్పు తగ్గించమన్నానా లేదా?’ అని. అమ్మ మెల్లగా చెప్పింది. ‘కూరలో సగానికి సగం తగ్గించానమ్మా. చప్పగా ఉంది తినలేనంటే ఆవకాయ ముక్క వేశాను. పచ్చడి సంగతి నువ్వు చెప్పలేదుగా.’

ఇంకా ఉంది. తిండి తినక నీరసంగా ఉన్నాడని, ఊళ్లో వైద్యం చేసే అతన్ని పిలిచి రెండు సెలైన్ బాటిళ్లు ఎక్కించారు. అతన్నీ తప్పు పట్టను. ఎక్కించమని బతిమాలింది మావాళ్లే. ఒక లీటరు సెలైన్‌లో 9 గ్రాముల ఉప్పుంటుంది. రోజంతటికీ మామూలు మనిషే 5 గ్రాములు మించి తినొద్దంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. గుండె లాగలేని మనిషికి మేం ఒక సాయంత్రంలో లీటరు నీళ్లు, 9 గ్రాముల ఉప్పు నరం లోంచి ఎక్కించాం. నేను నర్సునై ఉండి ఆ ఒక్క మాట ఇంట్లో చెప్పలేదు.

ఆ రోజు మన సైన్సు మాస్టారు గుర్తొచ్చారు. తొమ్మిదో తరగతిలో ఎర్ర సుద్దతో, నీలం సుద్దతో బోర్డు మీద గుండె బొమ్మ వేసి పాఠం చెప్పేవారు. పాఠమయ్యాక ‘అర్థమైందా?’ అని ఎప్పుడూ అడిగేవారు కాదు. అడిగితే అందరం ఒకే గొంతుతో ‘అర్థమైంది సార్’ అంటామని ఆయనకు తెలుసు. ఇక్కడున్న టీచర్లందరికీ తెలుసు. అందుకని చివరి బెంచీ నుంచి ఒకర్ని లేపి, ‘ఇవాళ బడికి రాని మీ పక్కింటివాడికి సాయంత్రం ఈ పాఠం ఎలా చెబుతావో చెప్పు’ అనేవారు. చెప్పలేకపోతే పిల్లవాణ్ణి తిట్టేవారు కాదు. ‘అయితే నేనే సరిగా చెప్పలేదన్నమాట’ అని మళ్లీ మొదలుపెట్టేవారు.

నర్సింగ్‌లో దీన్ని టీచ్ బ్యాక్ అంటారని తర్వాత ఒక శిక్షణలో విన్నాను. నాకు మాత్రం అది మాస్టారి పద్ధతే. ఆ ఏడాది నుంచి ఏ పేషెంటును ఇంటికి పంపినా, ఆ ఇంట్లో వంట చేసేదెవరో, మాత్రలు ఇచ్చేదెవరో కనుక్కుని వాళ్లని కూర్చోబెట్టేదాన్ని. ‘అర్థమైందా’ అనేదాన్ని కాదు. ‘అమ్మా, ఇంటికెళ్లాక మీ కోడలికి ఏం చెబుతారో నాకు చెప్పండి’ అనేదాన్ని. అలా చెప్పించినప్పుడే బయటపడేవి, నేను చెప్పానని అనుకున్నవీ వాళ్లకు చేరనివీ.

వాళ్లతో ఏమేం చెప్పించేదాన్నో ఇప్పుడు మీకు చెబుతాను.

మొదటిది బరువు. రోజూ ఉదయం లేచి, మూత్రానికి వెళ్లొచ్చి, ఏమీ తినకముందు, తాగకముందు, ఒకే రకం బట్టలతో, ఒకే మిషన్ మీద, గచ్చు మీద పెట్టి చూడాలి. ఒక లీటరు నీళ్లు ఒక కిలో బరువు. రాత్రికి రాత్రే కిలోకి కిలో కండ పెరగదు, పెరిగింది నీరే. ఒక్క రోజులో కిలో పైన పెరిగినా, మూడు రోజుల్లో 2 కిలోలు పెరిగినా, ఆయాసం ఇంకా రాకపోయినా సరే, అదే రోజు డాక్టరుకు ఫోన్ చెయ్యాలి. బరువు ముందు పెరుగుతుంది, కాళ్లవాపూ ఆయాసమూ తర్వాత వస్తాయి. ఆ మధ్య రోజులే మన చేతిలో ఉన్న వ్యవధి.

మా అమ్మకు చదువు రాదు. ముల్లున్న బరువు మిషన్ ఒకటి కొన్నాను. ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు నాన్న బరువు 58 కిలోలు. అమ్మ తన బొట్టుబిళ్లల అట్ట లోంచి ఆకుపచ్చది తీసి 58 మీద, ఎర్రది తీసి 60 మీద అంటించింది. ముల్లు ఎర్ర బొట్టు వైపు నడుస్తుంటే పక్కింటికెళ్లి నాకు ఫోన్ చేసేది. నేను డాక్టరుగారికి చెప్పేదాన్ని, ఆయన నీటిమాత్ర మోతాదు మార్చేవారు. తర్వాత నాలుగేళ్లలో అలా ఆరేడుసార్లు ఫోన్ వచ్చింది. ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చింది మాత్రం రెండుసార్లే.

రెండోది ఉప్పు. ‘తగ్గించు’ అనే మాటకు కొలత లేదు. ఎంత తగ్గించాలో డాక్టరును అడిగి, చెంచాల్లో చెప్పించుకోండి. మా నాన్నకు రోజుకు ముప్పావు చెంచా అన్నారు. అమ్మ పొద్దున్నే అంత ఉప్పు ఒక చిన్న గిన్నెలో వేసేది. కూర ఇంటిల్లిపాదికీ ఉప్పు లేకుండా వండి, నాన్న పళ్లెంలో ఆ గిన్నెలోది చల్లేది. మిగతావాళ్లు మామూలుగా వేసుకునేవాళ్లు. గిన్నె ఖాళీ అయితే ఆ రోజుకు అంతే. ఆయన తగవులాడితే, ‘నేను కాదు, గిన్నె అయిపోయింది’ అనేది.

గిన్నె బయట కూడా ఉప్పుంటుంది, అది గుర్తించడం నేర్పాలి. ఆవకాయకు ఆవపిండి, కారం, ఉప్పు ఇంచుమించు సమానంగా కొలుస్తాం కదా, ఇక ముక్క చిన్నదైతే మాత్రం ఏం? అప్పడాలు, వడియాలు, చల్లమిరపకాయలు, ఎండుచేపలు, బేకరీ బిస్కట్లు, మిక్స్చర్, హోటల్ సాంబారు, పెళ్లి భోజనం, అన్నీ ఉప్పే. వంటసోడాలోనూ సోడియమే. ‘తక్కువ సోడియం ఉప్పు’ అని దుకాణాల్లో అమ్ముతారు. అందులో పొటాషియం ఉంటుంది. గుండెకు వాడే కొన్ని మాత్రలతో కలిస్తే అది ఒంట్లో ప్రమాదకరంగా పెరుగుతుంది. డాక్టరును అడగకుండా కొనొద్దు. కొబ్బరినీళ్లకూ ఇదే మాట. నోరు చప్పబడకుండా నిమ్మకాయ, చింతపండు, మిరియాలు, జీలకర్ర, అల్లం, వెల్లుల్లి, కొత్తిమీర ఉన్నాయి. మొదటి రెండు మూడు వారాలే కష్టం, తర్వాత నాలుక అలవాటు పడుతుంది.

మూడోది నీళ్లు. అందరికీ నీళ్లు తగ్గించమని చెప్పరు, జబ్బు ముదిరినవాళ్లకు రోజుకు లీటరున్నర, రెండు లీటర్లు అని చెబుతారు. అలా చెబితే పొద్దున్నే అన్ని నీళ్లు ఒక సీసాలో పోసి పెట్టండి. కాఫీ తాగితే అంత నీరు సీసా లోంచి ఒంపేయండి. మజ్జిగ, చారు, పాలు, జావ అన్నీ లెక్కలోకి వస్తాయి. ‘నీళ్లు తాగినా తప్పేనా అమ్మా’ అని మా నాన్న అడిగినప్పుడు నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. దాహంగా ఉంటే నోరు పుక్కిలించడం, నిమ్మబద్ద చప్పరించడం, చిన్న ఐసుముక్క నోట్లో ఉంచుకోవడం పనికొస్తాయి. రోహిణి కార్తె ఎండల్లో చెమట ఎక్కువ పోతుంది, అప్పుడు నీటి లెక్క, మాత్రల లెక్క డాక్టరుతో మళ్లీ మాట్లాడాలి.

నాలుగోది మాత్రలు. ఒక్కో మాత్ర ఎందుకో ఇంట్లోవాళ్లకు తెలియాలి. తెలియకపోతే మానేస్తారు. నీటిమాత్ర ఉదయం వేసుకుంటే రాత్రి నిద్ర పాడవదు. బస్సు ప్రయాణం ఉందంటే చాలామంది ఆ మాత్ర ఎగ్గొడతారు, దారిలో దిగాల్సి వస్తుందని. అది సిగ్గుపడాల్సిన విషయం కాదు. ఊరు చేరాక వేసుకోవచ్చా అని ముందే అడగండి, చాలాసార్లు వేసుకోవచ్చనే అంటారు. గుండె వేగం తగ్గించే బీటా బ్లాకర్ మాత్రలు మొదట్లో కాస్త నీరసం తెప్పిస్తాయి. హఠాత్తుగా మానితే ప్రమాదం. కొన్ని బీపీ మాత్రలతో పొడి దగ్గు వస్తుంది. వస్తే చెప్పండి, వేరేది రాస్తారు. ఇప్పుడు డాపాగ్లిఫ్లోజిన్ లాంటి మాత్రలు వచ్చాయి. అవి మొదట షుగర్ కోసం వచ్చినవి, గుండెకూ మేలు చేస్తాయని తేలింది. ‘మా ఆయనకు షుగర్ లేదు, పొరపాటున రాశారు’ అని పక్కన పెట్టేసినవాళ్లను ఎంతమందిని చూశానో! రక్తపరీక్షలు కూడా చెప్పిన తేదీకి చేయించాలి. మూత్రపిండాలు, పొటాషియం ఎలా ఉన్నాయో వాటితోనే తెలుస్తుంది.

అన్నిటికంటే మోకాళ్ల నొప్పుల మాత్రతో జాగ్రత్త. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి ఒంట్లో ఉప్పును, నీటిని నిలబెడతాయి, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. గుండె నీరసించినవాళ్లు అవి వాడకూడదు. షాపులో ముందే ‘గుండెకు మందులు వాడుతున్నాం’ అని చెప్పండి. నీరసానికి సెలైన్ మాట ఇందాకే చెప్పాను, ఈ హాలు దాటాక ఇంకేం మరిచినా అది మరవకండి.

ఐదోది గమనించడం. రాత్రి ఒక తలగడ చాలేది, ఇప్పుడు మూడు కావాలంటున్నారా? పడుకున్నాక దగ్గు వస్తోందా? చెప్పులు, మెట్టెలు, లుంగీ ముడి బిగుతయ్యాయా? కాలి ఎముక మీద వేలితో నొక్కి తీస్తే గుంట నిలుస్తోందా? నాలుగు ముద్దలకే కడుపు నిండిపోతోందా? ఇవి ఫోన్ చేయాల్సిన గుర్తులు. కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా, నురగతో గులాబీరంగు కళ్లె పడినా, ఛాతీలో నొప్పి వచ్చినా, తెలివి తప్పినా ఫోన్ చేసి అడుగుతూ కూర్చోవద్దు, 108 పిలవండి. బండి వచ్చేలోగా నిటారుగా కూర్చోబెట్టి కాళ్లు కిందికి వేలాడనివ్వండి. పడుకోబెట్టొద్దు, నోట్లో నీళ్లు పోయొద్దు.

మంచానికి కట్టేయడం కూడా మంచిది కాదు. ఒళ్లు తేలికపడ్డాక రోజూ కొంచెం నడవాలి, నడుస్తూ మాట్లాడగలిగినంత వేగంతో. పొద్దున్న లేచేటప్పుడు కాసేపు మంచం అంచున కూర్చుని లేస్తే తూలి పడరు. చుట్ట, సిగరెట్, మందు పూర్తిగా మానాలి. ఏటా ఫ్లూ టీకా గురించి డాక్టరును అడగండి. జ్వరం, దగ్గు వస్తే ఈ గుండె తట్టుకోవడం కష్టం. ఉపవాసాలు, ఉపవాస దీక్షలు, రంజాన్ రోజాలు ఉండాలనుకుంటే ముందే అడిగి మాత్రల వేళలు సర్దుకోవాలి. నమ్మకం ఉన్నవాళ్లకు ‘మానెయ్’ అని చెబితే మనకు చెప్పకుండా చేస్తారు. అది ఇంకా ప్రమాదం.

ఇక చూసుకునేవాళ్ల గురించి. ఆ నాలుగేళ్లలో మా అమ్మ ఒక్క పెళ్లికి వెళ్లి రాత్రి ఉండలేదు. ఎనిమిది కిలోలు తగ్గింది. నాన్న బరువు రోజూ కనుక్కున్న నేను అమ్మ బరువు ఒక్కసారీ అడగలేదు. ఇది నా రెండో తప్పు. ఇంట్లో జబ్బు మనిషిని చూసుకునేవాళ్లకు వారానికి ఒక్క పూటయినా సెలవియ్యండి. కొడుకులూ, మీరు కూడా ఉప్పు గిన్నె కొలవడం నేర్చుకోండి. వంటిల్లు ఎవరి పేరనా రిజిస్టరు కాలేదు.

ఇంకొకటి కూడా చెప్పాలి, పండగ సభలో ఇబ్బందిగా ఉన్నా. ఈ జబ్బు చాలామందిలో పూర్తిగా పోదు. మందులతో, జాగ్రత్తతో మంచి సంవత్సరాలు సంపాదించుకోవచ్చు, కానీ ఒకరోజు మందులు పనిచేయని దశ రావచ్చు. అప్పుడు ఏం కావాలో, ఎక్కడ ఉండాలో ఆ మనిషి ఓపికగా ఉన్న రోజుల్లోనే అడగండి. మా నాన్న ఒక సాయంత్రం అరుగు మీద కూర్చుని, ‘ఈసారి పెద్దాసుపత్రికి తీసుకుపోవద్దు, మీ అమ్మ చేతి గంజి తాగుతూ ఇక్కడే ఉంటాను’ అన్నాడు. డాక్టరుగారితో మాట్లాడి, ఆయాసానికి కావలసిన మందులు ఇంటి దగ్గరే ఉండేలా చూసుకున్నాం. 2007లో కార్తీకమాసంలో, మూడు తలగడల మీద ఆనుకుని, మా చేతుల్లోనే వెళ్లిపోయాడు. ఆ పదకొండో రోజు రాత్రే పోయుంటే నన్ను నేను క్షమించుకోలేకపోయేదాన్ని. మా అమ్మ సంపాదించి పెట్టిన ఆ నాలుగేళ్లలో ఆయన ఇద్దరు మనవల అన్నప్రాశనలు చూశాడు.

చివరగా రెండు కోరికలు కోరి కూర్చుంటాను.

ఒకటి మన సంఘానికి. ఈ స్వర్ణోత్సవాలకు శాలువాలు, మెమెంటోలు కొన్నాం, సంతోషం. వచ్చే ఏడాది నుంచి వాటిలో కొంత తగ్గించి బరువు మిషన్లు కొందాం. ఊళ్లో గుండె జబ్బుతో ఇంటికొచ్చిన ప్రతి మనిషికీ ఒకటి అరువిద్దాం. దాంతో పాటు మన నర్సింగ్ చదివిన పిల్లలు ఎవరైనా వెళ్లి ఆ ఇంట్లోవాళ్లకు చెప్పి, వాళ్లచేత తిరిగి చెప్పించుకుని రావాలి. మొదటి మిషన్ నేనిస్తున్నాను. నాన్నగారిదే. ముల్లు ఇప్పటికీ సరిగానే చూపిస్తుంది, బొట్టుబిళ్లలు మాత్రం కొత్తవి అంటించుకోవాలి.

రెండోది, హైదరాబాదులో, బెంగళూరులో, అమెరికాలో ఉండి వారానికోసారి వీడియో కాల్ చేసే మన పూర్వ విద్యార్థులకు. ‘నాన్నా, బాగున్నావా?’ అని అడిగితే ‘బాగున్నాను’ అనే అంటారు. మనం మాస్టారికి ‘అర్థమైంది సార్’ అన్నట్టే అది. అలా అడగకండి. ‘ఇవాళ బరువెంత? రాత్రి ఎన్ని తలగడలు వేసుకున్నావు?’ అని అడగండి. ఆ తర్వాత అమ్మను పిలిచి, ‘నువ్వు తిన్నావా, నిద్ర పోయావా?’ అని అడగండి.

 ఇప్పుడు ఎవరైనా లేచి, ఇవాళ ఇక్కడికి రాని మీ పక్కింటివాళ్లకు సాయంత్రం ఏం చెబుతారో నాకు ఒకసారి చెప్పండి. తప్పులుంటే మళ్లీ మొదటినుంచి చెబుతాను.